దింపుడు కళ్లం కాడ

మిలిటరీ నుంచి ఇంటికొచ్చినోన్ని మా పక్క ఎవురూ "బాగుండావా?" అని అడగరు. "అప్పా, బాటిల్ తెచ్చినావా?" అంటారు. శిరివెళ్ల మెట్ట కాడ బస్సు దిగి, పెట్టె ఇంగా కింద పెట్టకముందే మొదలు. టీ కొట్టాయన అడుగుతాడు, ఆటోవాళ్లు అడుగుతారు, నాకు అక్షరాలు దిద్దించిన అయ్యవారు కూడా సిగ్గుపడుకుంటా అడిగినాడు. ఎడమ కాలి వేళ్లు పోగొట్టుకుని, చంకలో కర్ర పెట్టుకుని దిగిన పొద్దు కూడా ఒగాయన నా కాలు పక్క సూసి, "అయ్యో, ఎంత పనాయె!" అని కండ్లనీళ్లు పెట్టుకుని, రవ్వంతసేపాగి, "క్యాంటీన్ కార్డు మాత్రం ఉంది కదా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చెంపమీద ఒగటి పీకాలని కూడా అనిపించింది. రెండూ చేయలే. ఆటో ఎక్కి ఇంటికి పోయినా.

ఇప్పుడు నంద్యాలలో ఒగ బ్యాంకు గేటు కాడ తుపాకి పట్టుకుని స్టూలు మీద కూర్చుంటాండా. పింఛనుంది, జీతముంది, తిండికి కొదవ లేదు. ఇది దుడ్ల కోసం ఏడ్చే కత కాదు. స్టూలు ఎందుకంటే మోకాళ్లు నిలబడనీయవు. ముసురు పడితే ఎడమ భుజం రాత్రంతా సలుపుతాది. ఎముకల డాక్టరు ఫొటో తీపిచ్చి, వెలుతుర్లో పెట్టి సూసి, "ఏం మోసినావప్పా, గుజ్జంతా అరిగిపాయె" అన్నాడు. ఏం చెప్పేది? తుపాకి, తూటాలు, తాడు, మంచు పగలగొట్టే గొడ్డలి, కిరసనాయిలు క్యాను, నా బియ్యం, పక్కోని బియ్యం, మిషన్‌గన్ను ఉంటే దాని కాళ్లు. పైన గాలి పలచన. నాలుగడుగులేస్తే నిలబడి కుక్క మాదిరి వగర్చాల. ఇవన్నీ ఎత్తుకుని పైకి పోతాంటే, "దేశ సేవ" అన్న మాట ఒగసారి కూడా గుర్తుకు రాలేదు. భుజం పట్టీ ఏ పక్క కోస్తాందో అదొకటే గ్యానం. మోసేవానికి తెల్సు కావడి బరువు అని ఊరికే అనలే పెద్దోళ్లు.

తమాషా ఏందంటే, మా నాయన నన్ను మిలిటరీకి తోలింది మూటలు మోయకూడదని. ఆయన నంద్యాల రైసు మిల్లులో హమాలీ. మెడ కిందుగా, వీపు పైన చర్మం కాయ కాసి గేదె తోలు మాదిరి ఉంటాండె. మా అమ్మ నూనె రుద్దుతాంటే, "రుద్దినా రుద్దకపోయినా ఒగటే లేవే, ఆడ నాకేం తెలీదు" అంటాండె. "నా కొడుకు వీపు మీద బస్తా పడకూడదు" అని ఒట్టు పెట్టుకున్నాడో ఏమో, నేను ఇంటర్ అయిపోతానే తెల్లారకముందు లేపి కాలవ గట్టు మీద పరిగెత్తించినాడు. ఆయన సైకిల్ మీద వెనకాల. నేను ఆగితే బెల్లు కొట్టి, "పరిగెత్తు నా కొడకా, లేదంటే మిల్లుకు రా" అంటాండె. సెలెక్షన్‌లో నెగ్గినా. మొదటి లీవులో నేను బనీను విప్పినపుడు రెండు భుజాల మీద పట్టీల వాతలు సూసినాడు. వేలితో తడిమి, "ఏందిరా, ఈడ దించి ఆడ ఎత్తుకున్నావా?" అన్నాడు. నవ్వుకుంటానే అన్నాడు. ఆ పొద్దు మాత్రం అన్నం సరిగ్గా తినలే.

సరే, కాళ్లూ భుజాలూ ఎట్లో బతుకుతాయి, మాత్ర వేస్తే ఒగ పూట గమ్మునుంటాయి. మాత్రకు లొంగనిది వేరే ఉంది. అది చెప్పాలంటే ఆళ్లగడ్డోని గురించి చెప్పాల.

వాడు నా బెటాలియన్లోనే, నా సెక్షన్లోనే పడినాడు. మా ఊరికీ ఆళ్లగడ్డకూ ఎంత దూరం? ఆటోలో కూర్చుంటే కునుకు పట్టేలోపల ఊరొస్తాది. ఈడ ఉన్నన్నాళ్లు ఒగరికొగరు తెలీదు, ఆడ మంచు కొండల్లో చుట్టాలమైతిమి. బావా అంటే బావా అనుకుంటిమి. వాడు మహా సోమరి. తిండిపోతు. వాళ్లమ్మ పంపిన చెనిక్కాయల పొడి గడ్డకట్టకుండా కోటు లోపల, బనీనుకూ పొట్టకూ నడుమ పెట్టుకుని తిరుగుతాండె. అన్నంలోకి చిటికెడు వేసి, "తిను బావా, ఆళ్లగడ్డ పోయి రాపో" అంటాండె. ఆ మంచులో ఆ ఘాటు నాలికకు తగిలితే కండ్లలో నీళ్లు తిరుగుతాండె. కారానికే అని ఇద్దరం ఒప్పుకుంటిమి.

ఆ పొద్దు అవతలి పక్కనుంచి గుండ్లు పడినాయి. అంతకుముందూ పడినాయి, అలవాటే. ఒగటి మేం దాక్కునే మోర్చా గుంత పక్కన పడి, దాని ముక్క వాని కడుపులో దిగింది. మందుల కుర్రోడు కట్టు కట్టినాడు, సూదేసినాడు. మబ్బు కమ్ముకుని ఉండె, హెలికాప్టరు రాదన్నారు. కింది పోస్టుకు మోసుకుపోదాం అన్నాడు మా సుబేదారు. ఆయన ఉత్తరాది కొండలాయన, నడీడు మనిషి, మమ్మల్ని కొడుకుల్లెక్క సూస్తాండె. స్ట్రెచరుకు తాళ్లు కట్టి, మార్చి మార్చి మోస్తా బయలుదేరినాం. మొదట్లో వాడు మాట్లాడుతానే ఉండె. "మెల్లగా మోయండిరా, ఇది పెండ్లి పల్లకి అనుకుంటిరా" అని తిట్టినాడు కూడా. తర్వాత మూలిగినాడు. ఆ తర్వాత మూలుగు కూడా లేదు.

సగం దారిలో మంచుగాలి లేచింది. ముందర నడిచేవాని వీపు నాకు కనపడలే. మందుల కుర్రోడు స్ట్రెచరు దించమని, మెడ కింద చెయ్యి పెట్టి సూసి, తల అడ్డంగా ఊపినాడు. "పోయినాడు సాబ్." మాలో ఇద్దరికి అప్పటికే కాళ్లు తెలీడంలే. మోసుకుంటా పోతే అందరం ఆడ్నే ఉండిపోతాం. సుబేదారు మా కాళ్లు ఒగొకరివి తట్టి సూసినాడు. చివరకు, "బండకు కట్టి, గుర్తుకు గుడ్డ కట్టండి. గాలి తగ్గినాక వచ్చి తీసుకుపోదాం" అన్నాడు. తప్పని ఎట్లంటాను? ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్తాంటి. బతికినోళ్లను దించాల కదా.

నేనే ఆపినా. "సాబ్, మా పక్క ఒగ ఆచారముంది. ఒగ్గడియ ఇయ్యండి" అన్నా.

మా పక్క పాడె ఎత్తినాక నేరుగా శ్మశానానికి పోరు. దారి నడిమద్దెలో దించుతారు. కొడుకో, తమ్ముడో, బాగా దగ్గరోడు ఎవడో వంగి, పోయినోని చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. పానం ఏ మూలైనా మిగిలుంటే పలుకుతాడని. దాన్ని దింపుడు కళ్లం అంటారు. పలికినోన్ని సూసినోళ్లు మా ఊర్లో ఎవురూ లేరు. అందుకే జరగని దానికోసం ఎదురుసూసే వాన్ని, "నీది దింపుడు కళ్లం ఆశలేబ్బా" అని ఎగతాళి చేస్తారు. వాన్ని దిక్కూ దివాణం లేకుండా బండకు కట్టేసి పోతాంటిమి, కనీసం ఇది చేయకుంటే వాళ్లమ్మకు మొగం ఎట్ల సూపిచ్చేది అనుకున్నా. అంతే. పలుకుతాడని కాదు.

టోపీ పక్కకు లాగి, చెవి కాడ నోరు పెట్టి పిలిచినా. "బావా." ఏం లేదు. "బావా." గాలి. మూడోసారి, "బావా."

"ఊ" అన్నాడు.

కాపలా వంతు వచ్చిందని లేపితే నిద్రలో ఎట్లంటాండెనో అట్ల. చిన్నగా, విసుగ్గా. నేను ఎగిరి లేచి, "పలికినాడు! పలికినాడు సాబ్!" అని కేకలేసినా. మందుల కుర్రోడు మళ్లా కూర్చున్నాడు. మెడ పట్టి సూసినాడు, కండ్లు తెరిచి సూసినాడు, స్టీలు మగ్గు మూతి కాడ పెట్టినాడు. మగ్గు మీద మంచు పడతానే ఉంది, ఆవిరి పట్టిందో లేదో ఏం తెలుస్తాది? "లేదన్నా, పోయినాడు" అన్నాడు. వాని చేతులు కూడా కొయ్యబారినాయి, వేలికొనకు నాడి తెలిసే స్థితిలో వాడూ లేడు. మిగతా వాళ్లెవురికీ ఏమీ వినపడలేదంట. సుబేదారు నా రెక్క పట్టుకుని లాగి, "తాడు కట్టు. ఇది హుకుం" అన్నాడు.

తాడు నేనే కట్టినా.

కిందికి చేరినాక నాకు జ్వరం, కాలు నల్లగా ఆయె. ఆస్పత్రిలో వేళ్లు తీసేసినారు. గాలి తగ్గినాక వేరేవాళ్లు పోయి వాన్ని తెచ్చినారు. వాడు ఎట్ల పడుకుని ఉండె, తాడు ఎట్లుండె, కండ్లు తెరిచి ఉండెనా మూసి ఉండెనా, నేను వాళ్లను అడగలే. ఇప్పటికీ అడగలే. అడిగే ధైర్యం నాకు లేదు, మిలిటరీ పతకం ఉంది గాని.

సుబేదారు ఆస్పత్రికి వచ్చినాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని, నారింజ వొలిచి పెట్టి, ఆయన హిందీలో చెప్పిన మాట ఇది: "బేటా, మా అమ్మ పోయినపుడు నాక్కూడా ఆమె పిలిచినట్ల వినపడింది. నిజంగానే వినపడింది. దుఃఖంలో ఉన్నోని చెవి అంతే, దానికి కావాల్సింది అదే వింటాది. నువ్వు విన్నది నీ మనసునే." ఆ మాట నాకు దేవుడిచ్చినట్లుండె. ఎన్నేండ్లో దాన్నే పట్టుకుని బతికినా. రాత్రి మెలకువ వస్తే అదే చెప్పుకుంటాంటి: నాకు కావాల్సింది నేను విన్నా, వాడు పలకలే, వాడు పలకలే. పెండ్లాం లేచి, "ఎవురితో మాట్లాడుతాండావ్?" అంటే, "ఏం లేదు, పండుకో" అంటాంటి. నమ్మినానా? సగం. ఆ సగం నమ్మకంతోనే అన్నం తిన్నా, పిల్లోళ్లను బడికి పంపినా, బ్యాంకు కాడ స్టూలు మీద కూర్చున్నా.

మిగతా సగం ఆళ్లగడ్డ పోయినపుడు లేస్తాండె. ఆ ఊరంతా రాయి చెక్కే చప్పుడే కదా. వాని పెండ్లామూ ఊరోళ్లూ కలిసి వాని బొమ్మ చెక్కిస్తా, "అన్నా, పోలిక కుదిరిందో లేదో నువ్వు సూసి చెప్పల్ల" అని నాకు ఫోన్ చేయించినారు. పోయినా. శిల్పి ఎవురో గానీ మంచి పనోడు. ఫొటో సూసి చెక్కినాడు. ఆ ఫొటోలో వాడు ఏదో మాట్లాడుతాండాడు, పెదాలు రవ్వంత తెరిచి. రాతిలో కూడా అట్లే దిగింది. "బొమ్మ మూతి మూయప్పా" అన్నా. ఆయన నవ్వి, "రాయిలో తీసేసింది మళ్లా పెట్టేదానికి కాదన్నా. అయినా మాట్లాడుతాన్నట్లే ఉంది కదా, జీవకళ!" అన్నాడు. జీవకళంట! ఆ పొద్దు వాని పెండ్లాం టీ ఇచ్చి, తల వంచుకుని, "శానాసేపు బాధపడినాడా అన్నా?" అని అడిగింది. "లేదుమ్మా, ఆడికాడే పోయినాడు. ఏం తెలీదు వానికి" అన్నా. ఆ తర్వాత బొమ్మ పెట్టిన రోజు మైకులో పెద్ద పెద్దోళ్లు వాన్ని ఎట్ల పొగిడినారో! చచ్చినోని కండ్లు చారెడు. వాని సోమరితనం సంగతి తెలిసినోన్ని నేనొగన్నే, గమ్మున కుర్చీలో కూర్చున్నా. అప్పటినుంచి ఆ పక్క బస్సులో పోతే కిటికీ కాడ కూర్చోను.

మా నాయన పోయినేడు పోయినాడు. మిల్లులో మింగిన ఊక దుమ్మంతా ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంది. పొద్దున కాఫీ అడిగి, అమ్మ తెచ్చేలోపల పోయినాడు. చుట్టాలంతా వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నీళ్లు పోసేటప్పుడు వీపు సూసినా. ఆ కాయ అట్లే ఉంది, చావు కూడా దాన్ని మెత్తబరచలే. నాకు పాడె మోయాలని ఉండె. చిన్నాయన నా కాలు సూసి, "నీకెందుకురా, నువ్వు నిప్పుకుండ పట్టుకుని ముందర నడువు, చాలు" అన్నాడు. నడిచినా. తప్పెట్లు కొడతాండారు, ఎవురో బొరుగులు చల్లుతాండారు. నా మనసు నాయన మీదనే ఉండె, ఒట్టు. ఆయన సైకిల్ బెల్లు, ఆయన తిట్లు.

కాలవ మలుపు కాడ చిన్నాయన చెయ్యెత్తినాడు. తప్పెట్లు ఆగినాయి. పాడె దించినారు. "రారా, పిలువు మీ నాయన్ని" అన్నాడు.

అప్పుడు తగిలింది నాకు. అప్పటిదాకా ఆ ఆలోచనే లేదు. కుండ పక్కన పెట్టి మోకాళ్ల మీద కూలబడినా. దుఃఖంలో ఉన్నోని చెవి దానికి కావాల్సింది వింటాదన్నాడు కదా సుబేదారు. ఇంతకన్నా దుఃఖం ఏముంది నాకు? ఇంతకన్నా కావాల్సింది ఏముంది? నాయన పొద్దున పోయినాడు, ఒళ్లు కట్టె మాదిరి అయింది, దాంట్లో ఏ అనుమానమూ లేదు. ఇప్పుడు పిలిస్తే నాకు "ఊ" అని వినపడితే, ఆ పొద్దు మంచులో విన్నది కూడా ఇదే, నా చెవి చేసిన పనే. వాడు నిజంగా పోయినాడు, నేను కట్టింది శవాన్నే. ఇంగ ఆ బరువు దించేసి మనిషిలా పండుకోవచ్చు. ఒక్క "ఊ" చాలు. అబద్ధమైనా సరే.

వంగి చెవి కాడ నోరు పెట్టినా. "నాయనా."

కండ్లు మూసుకుని విన్నా. దూరంగా ట్రాక్టరు పోతాంది. ఎవురో దగ్గినారు.

"నాయనా."

ఆయన గొంతు తలుచుకున్నా. ఎట్ల పలికేవాడో, గుటక మింగి, "ఏంరా" అని. ఆ గొంతును నా చెవిలోకి నేనే లాక్కొద్దామని సూసినా. పళ్లు బిగబట్టి, నా బలమంతా పెట్టి కోరుకున్నా.

"నాయనా!"

ఏం లేదు.

చిన్నాయన భుజం తట్టి, "అయిపాయె, లెయ్" అన్నాడు. "ఇంగోసారి పిలుస్తా" అన్నా. "మూడేరా, ఎక్కువ పిలవకూడదు." నేను వినలే. మళ్లా పిలిచినా. మళ్లా. "ఒగసారి పలుకు నాయనా, నీ కాళ్లు మొక్కుతా, ఒగసారి ఊ అను" అని ఆయన గడ్డం పట్టుకుని బతిమాలినా. చెవి ఆయన నోటికి ఆనించి పడుకున్నా. నా గుండె కొట్టుకోవడం వినపడింది గాని ఇంగేమీ వినపడలే. వెనకాల ఆడోళ్లు గొల్లుమన్నారు. తప్పెటోళ్లు కూడా కండ్లు తుడుచుకున్నారంట. నలుగురు కలిసి నన్ను లేపినారు.

మా నాయన పలకలే. నేనంత కోరుకున్నా నా చెవి ఒగ అబద్ధం చెప్పలే. దానికి అట్లాంటి విద్య రాదు, ఎప్పుడూ రాలేదు. ఆ పొద్దు వాడు పలికినాడు. బతికుండి పలికినాడు. నేను పిలిస్తే పలికినోన్ని నేనే కట్టేసి వచ్చినా.

కుండ మళ్లా నా చేతిలో పెట్టినారు. శ్మశానం దాకా ఏడుస్తానే పోయినా, చేయాల్సిందంతా ఏడుస్తానే చేసినా. ఊరంతా, "కొడుకంటే వాడురా, మిలిటరీలో ఉండొచ్చినా ఎంత మెత్తని మనసో" అన్నారు. మా అమ్మ ఇప్పటికీ వచ్చినోళ్లందరికీ గొప్పగా చెప్తాంటాది, నాయన కోసం నేనెట్ల ఏడ్చినానో. నేను తల వంచుకుని వింటా. మా నాయన కోసం నేను ఇంగా ఏడవనే లేదు.